పక్క లేన్‌లోంచి రైజ్ చేస్తే: ఒక మస్టాంగ్ ఓనర్ కేసు

హైదరాబాద్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ నేర్పడం నా పని, అంటే ఎదుటివాడు తప్పు చేసినా ప్రమాదం తప్పించుకునేలా బండి నడపడం. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ క్యాబ్‌లు, స్టాఫ్ బస్సులు నడిపే డ్రైవర్లు. కొన్నేళ్లుగా ఇంకో బాపతు కూడా వస్తున్నారు. ముచ్చటపడి స్పోర్ట్స్ కారు కొనుక్కుంటారు, రోడ్డెక్కిన ప్రతిసారీ ఎవడో ఒకడు తన బండి పక్కకి తెచ్చి గెలుకుతుంటే ఏం చేయాలో తోచదు. వాళ్లలో ఒకరి కేసు ఇది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని ఓనర్ అనే అంటాను. ఇల్లు, ఉద్యోగం లాంటి గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

ఎవరు, ఏ కారు

ఓనర్‌కి నలభై దాటాయి. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నారు, పెద్ద యాక్సిడెంట్ ఒక్కటీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నారు. ఐదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, 401 పీఎస్ పవర్, 515 ఎన్ఎం టార్క్, వెనక చక్రాలకు పవర్, ఆరు గేర్ల ఆటోమేటిక్. మన దేశంలో అధికారికంగా ఈ కారు 2016లో వచ్చింది. ఇంతకంటే వేగంగా పోయే కార్లు ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో వీధికొకటి కనిపిస్తాయి. అయినా కుర్రాళ్ల చేతులు దురదపెట్టేది మస్టాంగ్‌ని చూసినప్పుడే. పోర్షేతో పెట్టుకుంటే ఓడిపోతామని తెలుసు. మస్టాంగ్ విషయంలో మాత్రం “రీమ్యాప్ చేయించిన మన బండితో కొట్టొచ్చు” అని ఒక ఆశ. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. దానికి తోడు ఎర్ర రంగు, పాత ఓనర్ మార్పించిన సైలెన్సర్.

నాకు ఫోన్ చేసింది ఆయన భార్య. “ఆయనకి డ్రైవింగ్ బాగానే వచ్చండీ, పక్కన ఇంకో కారు లేనంతసేపూ” అన్నారావిడ. అంతకుముందు ఆదివారం పిల్లాడు వెనక సీట్లో ఏడ్చాడట. అప్పట్నుంచి ఆ కారెక్కనంటున్నాడు. అమ్మేయమంటే ఈయన అమ్మరు.

ఓనర్ మాట వేరు. “నేనేం చెయ్యట్లేదు సార్. నా దారిన నేను పోతుంటాను. వాళ్లే వచ్చి పక్కన పెడతారు, డిప్పర్ కొడతారు, కట్ కొడతారు. నన్నేం చెయ్యమంటారు?”

మాటలు తర్వాత, ముందు టైర్లు చూశాను. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. వెనక టైర్ల మీద 2317 అని ఉంది. అంటే 2017లో ఇరవై మూడో వారం. కారుతో పాటు వచ్చిన టైర్లే. తక్కువ తిరిగిన బండి కాబట్టి గాడులు లోతుగానే ఉన్నాయి, చూసేవాడికి కొత్తవిలాగే ఉంటాయి. గోటితో నొక్కితే రబ్బరు దిగలేదు. గట్టిపడిపోయింది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీసు కాగితాల్లో ఎక్కడా లేదు. ఈ రెండూ అయ్యాకే పాఠం మొదలన్నాను. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లలో ఇది మామూలు సంగతే. పాలిష్‌కి, సైలెన్సర్‌కి లక్షలు పోస్తారు, తేదీ చూసి టైర్లు మార్చడానికి మాత్రం మనసొప్పదు.

క్లిప్పుల్లో వినిపించింది

కారుకి ముందూ వెనకా డ్యాష్‌క్యామ్ ఉంది, జీపీఎస్ స్పీడు కింద మూలన పడుతుంది. గొడవ జరిగిందని ఆయన దాచుకున్న క్లిప్పులన్నీ తెమ్మన్నాను. ఇలాంటి కేసుల్లో నేను బొమ్మ కంటే శబ్దం ఎక్కువ పట్టించుకుంటాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

ఒక క్లిప్పు సంగతి వివరంగా చెబుతాను. రాత్రి పదకొండు దాటింది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కోకాపేట నుంచి పటాన్‌చెరు వైపు, కుడి నుంచి రెండో లేన్, స్పీడు 104. వెనక కెమెరాలో ఒక తెల్ల స్కోడా ఆక్టేవియా కారు వచ్చి, మూడో లేన్‌లోకి మారి, మస్టాంగ్ ఎడమ కిటికీకి సమంగా నిలిచింది. ముందుకీ పోదు, వెనక్కీ తగ్గదు. ఓనర్ చెప్పిన కథ ప్రకారం, ఇక్కడ ఆక్టేవియా ఒక్కసారి లాగించింది, ఈయన “ఊరికే పక్కన వెళ్లారు”. స్పీడు అంకె చూస్తే ఆ కథ నిజమే అనిపిస్తుంది. 104, 105, మళ్లీ 104. చెవులకి మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. ఆక్టేవియా సమంగా వచ్చిన రెండు మూడు సెకన్లకే మస్టాంగ్ ఇంజిన్ గొంతు లేచింది. స్పీడు పెరగలేదు, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగింది. స్టీరింగ్ వెనక ఎడమ ప్యాడిల్ లాగి గేరు దించారు. ఆ తర్వాతే ఆక్టేవియా లాగించింది. ఆ వెనకే మస్టాంగ్ 104 నుంచి 151కి వెళ్లింది.

“గేరెందుకు దించారు?” అనడిగాను.

“రెడీగా ఉండాలి కదా సార్.”

“దేనికి?”

ఆయన స్క్రీన్ వైపు చూసి, ఇంకోసారి వెనక్కి తిప్పమన్నారు.

వీ8లో గేరు దించితే వచ్చే ఆ శబ్దం పక్క కారులో కూర్చున్నవాడికి “సరే, రా” అన్నట్టే వినిపిస్తుంది. మిగతా క్లిప్పుల్లో జవాబు రూపం మారింది గానీ జవాబు మాత్రం ప్రతిచోటా ఉంది. ఒకచోట సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్‌ని కొంచెం రైజ్ చేశారు. ఒకచోట మోడ్ స్విచ్ స్పోర్ట్ మీదికి మార్చారు. ఇంకోచోట వెనకవాడు డిప్పర్ కొడుతుంటే పక్కకి జరిగే చోటున్నా జరగకుండా అదే లేన్‌లో అదే స్పీడు పట్టుకుని కూర్చున్నారు. ఈ చివరిదాన్ని జవాబు అంటే చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. “నేను లిమిట్‌లోనే ఉన్నాను కదా” అంటారు. లిమిట్‌లో ఉన్నా, కుడి లేన్ ఎవరి సొంతమూ కాదు. ఓవర్‌టేక్ అయ్యాక ఎడమకి రావాలి.

ఇన్నేళ్లలో నాకు ఖాయమైన అభిప్రాయం ఒకటుంది. రోడ్డు మీద గెలికేవాడికి ఊపిరి పోసేది రెండో కారే. జవాబు రాకపోతే వాడు ఎంతోసేపు నిలబడలేడు. కారులో స్నేహితులుంటారు. పక్కవాడు పట్టించుకోకుండా పోతుంటే ఒక్కడే రైజ్ చేసుకుంటూ కూర్చుంటే వాళ్ల ముందు పలచనైపోతాడు.

అందరూ ఒక్కటే కాదు

ఓనర్ క్లిప్పులన్నిటినీ ‘రేస్’ అనే ఒకే ఫోల్డర్లో పెట్టుకున్నారు. కూర్చుని విడదీస్తే మూడు రకాలు తేలాయి. నిజంగా రేసుకి పిలిచినవాళ్లు సగం కూడా లేరు. ఇంకొందరు పెద్ద ఎస్‌యూవీల వాళ్లు. వాళ్లకి రేస్ అక్కర్లేదు. తమని దాటి పోయారన్న కోపం ఉంటుంది, అందుకే ముందుకొచ్చి బ్రేక్ కొడతారు. వీళ్లే ప్రమాదకరం. మిగిలినవాళ్లు ఎయిర్‌పోర్టు ట్రిప్పుకి ఆలస్యమైన క్యాబ్ డ్రైవర్లు. శంషాబాద్‌లో విమానం అందుకోవాల్సిన ప్యాసింజర్ వెనక కూర్చుని తొందరపెడుతుంటాడు. ఆ డ్రైవర్‌కి ముందున్నది మస్టాంగో మారుతీయో పట్టదు, సైడ్ కావాలంతే. అలాంటి క్యాబ్‌తో కూడా మన ఓనర్ 140 దాకా వెళ్లిన క్లిప్పు ఉంది. అది చూపించినప్పుడు ఆయన నవ్వారు. ఆ నవ్వులో కొంచెం సిగ్గు ఉంది.

లారీ లెక్క

“ఓఆర్ఆర్ అంత మంచి రోడ్డు, టూవీలర్లు రావు, ఎదురు బండి రాదు, రాత్రిపూట ఏమవుతుంది సార్?” ప్రతి ఓనరూ అడిగే ప్రశ్నే ఇది. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. రోడ్డు మంచిదే. దాని మీద రాత్రంతా లారీలుంటాయి. మూడో లేన్‌లో 60లో పోయే లారీ, ఇంకా మెల్లగా పోయే లారీని దాటడానికి రెండో లేన్‌లోకి వస్తుంది. ఇండికేటర్ వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు.

ఓనర్‌తో కాగితం మీద లెక్క వేయించాను. మనం 120లో ఉంటే ఆ లారీకీ మనకీ మధ్య దూరం సెకనుకి దాదాపు 17 మీటర్లు తరుగుతుంది. 160లో అయితే 28. లారీ 200 మీటర్ల ముందు మన లేన్‌లోకి వచ్చిందనుకుంటే మొదటిదాంట్లో 12 సెకన్లున్నాయి, రెండోదాంట్లో 7. పొడి రోడ్డు, మంచి టైర్లు, డ్రైవర్ తేరుకోవడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే 120 నుంచి పూర్తిగా ఆగడానికి సుమారు 120 మీటర్లు కావాలి. 160 నుంచి 190 పైనే. అదీ ముందుకే చూస్తూ ఉంటే. రేస్‌లో ఉన్నవాడు పక్కవాణ్ని చూస్తాడు. 160లో పక్కకి చూసిన ఒక్క సెకను 44 మీటర్ల గుడ్డి ప్రయాణం. రోడ్డు మీదే ఆపేసిన లారీ అయితే ఈ అంకెలన్నీ ఇంకా పాడవుతాయి. దీపాల్లేని ట్రైలర్ వెనక భాగం రాత్రి ఎంత దగ్గరికొచ్చాక కనిపిస్తుందో ఓఆర్ఆర్ మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు.

పోయేది మన ప్రాణమే అనుకునేవాళ్లకి నేను బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ గుర్తుచేస్తాను. 2019 నవంబరులో, తెరిచి నెల కూడా తిరక్కముందే, 40 పరిమితి ఉన్న ఆ వంపులో వేగంగా వచ్చిన కారు గోడ దాటి కింద పడింది. కింద రోడ్డు మీదున్న మహిళ చనిపోయింది.

చట్టం గురించి నాకు తెలిసినంతవరకే చెబుతాను, మిగతాది లాయర్ల పని. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో బండ్ల మధ్య ఏ రకమైన పందెమైనా, వేగ పరీక్ష అయినా నేరమే. డబ్బు కాయాలని లేదు, గెలుపు గీత ఉండాలని లేదు. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా, పది వేల దాకా. ఎవరైనా చనిపోతే అది వేరే లోకం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా. అనుమతి ఉన్న రేస్ ఎలా ఉంటుందో హైదరాబాద్ చూసింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల రేస్ ఫార్ములా ఈ జరిగినప్పుడు 2.83 కిలోమీటర్ల దారికి రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, పైన కంచె, మలుపు మలుపుకీ జెండాలతో మార్షల్స్. ట్రాఫిక్ కష్టాలకి జనం తిట్టుకున్నారు, నేనూ తిట్టుకున్నాను. అయినా రేస్ అంటే అంత ఏర్పాటు కావాలి.

పాదానికి, బొటనవేలికి పాఠం

“కోపం తగ్గించుకోండి” అని చెప్పి పంపిస్తే ఎవరూ మారరు. ఓనర్ కోపిష్టి కూడా కాదు. పక్కన కారు రాగానే ఆలోచన కంటే ముందు వేలు కదిలిపోతోంది. అందుకని వేలికే నేర్పాలి.

ఊరి బయట జనసంచారం లేని ప్రైవేటు లేఅవుట్‌లో, యజమాని అనుమతితో, 40 స్పీడులో మొదలుపెట్టాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నా అసిస్టెంట్ హ్యాచ్‌బ్యాక్‌లో ఎడమ పక్కకి వచ్చి సమంగా నిలిచి హారన్ కొడతాడు, రైజ్ చేస్తాడు, అద్దం దించి చెయ్యి ఊపుతాడు. ఓనర్ చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా ఉండటం. 40లో, నాటకమని తెలిసి కూడా, మొదట్లో ఆయన ఎడమ చేతి వేలు ప్యాడిల్ మీదికి పోయేది. కుడి పాదం మడమ లేచేది. ఫోన్లో పాదాన్ని వీడియో తీసి చూపించాను. అది మాటలకంటే బాగా పనిచేసింది.

తర్వాత అసలు కదలిక నేర్పాను. పక్కన ఎవరైనా సమంగా నిలిస్తే బ్రేక్ తొక్కొద్దు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి పదిహేను, ఇరవై తగ్గాలి. అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఖాళీ ఉన్నప్పుడు ఎడమ లేన్‌కి జరగాలి. అవతలి బండి కళ్లెదుటి నుంచి పోయేదాకా అక్కడే ఉండాలి. చూపు వాడి మీద పెట్టకూడదు. కళ్లు కలిస్తే అదీ జవాబే. ఈ మధ్యలో నోటితో పైకి చెబుతూ ఉండాలి, “ముందు లారీ, రెండో లేన్, దూరం బాగానే ఉంది, ఎడమ అద్దంలో క్యాబ్” అని. నోరు రోడ్డు గురించి మాట్లాడుతుంటే బుర్ర పందెం గురించి ఆలోచించలేదు. గేరు డీ (డ్రైవ్)లోనే, మోడ్ నార్మల్‌లోనే. ప్యాడిల్స్ ముట్టుకోకూడదని నియమం పెట్టాం.

మొదట ఆయనకి ఇది మింగుడుపడలేదు. “వాడు గెలిచాననుకుంటాడు కదా సార్” అన్నారు. అనుకుంటాడు. ఇంటికెళ్లి మస్టాంగ్‌ని కొట్టానని చెప్పుకుంటాడు కూడా. దాన్ని ఆపే ఉపాయం నా దగ్గర లేదు, ఆపాల్సిన అవసరమూ నాకు కనిపించలేదు.

సైలెన్సర్ మీద గట్టిగానే వాదించుకున్నాం. శబ్దం కోసమే ఈ కారు కొన్నానన్నది ఆయన మాట. నేను రెండు సంగతులు చెప్పాను. ఆ గొట్టం ఉన్నంతకాలం మామూలుగా యాక్సిలరేటర్ తొక్కినా పక్కవాడికి జవాబులాగే వినిపిస్తుంది. రెండోది, శబ్ద పరిమితి దాటితే 190వ సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు మీద వేటు. మన నగరాల్లో పోలీసులు సైలెన్సర్లు పట్టుకుని రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు ఆయనా చూశారు. చివరికి ఒప్పుకున్నాక ఇంకో చిక్కు వచ్చిపడింది. అసలు సైలెన్సర్‌ని పాత ఓనర్ ఇవ్వలేదు. మన దేశంలో కార్ల తయారీ మానేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది, ఈ కారు విడిభాగాలు పట్టుకోవడం అంత తేలిక కాదు. అది తెప్పించుకోవడానికి పట్టినంత కాలం మా పాఠాలకి కూడా పట్టలేదు.

ఎస్‌యూవీ వచ్చిన రాత్రి

శిక్షణ సాగుతుండగానే అసలు పరీక్ష వచ్చింది. భార్యతో కలిసి శంషాబాద్ నుంచి వస్తున్నారు. అద్దాలకి నల్ల ఫిల్మ్ ఉన్న ఎస్‌యూవీ వెనక అంటుకుని డిప్పర్ కొట్టింది. ఈయన సైడ్ ఇచ్చారు. అది పోలేదు. ముందుకొచ్చి, స్లో చేసి, ఈయన లేన్ మారితే అదీ మారింది. రేసుకి పిలిచేవాడి దగ్గర పనిచేసే మందు ఇక్కడ పనిచేయదు. అలాంటప్పుడు ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉన్నాం. రోడ్డు మీద ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదు. కారు దిగకూడదు, అద్దం దించకూడదు. తిరిగి బ్రేక్ కొట్టి భయపెట్టాలని చూడకూడదు. ఇంటికి మాత్రం అసలే వెళ్లకూడదు, వెంటపడేవాడికి మన గేటు చూపించినట్టవుతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు 112కి ఫోన్ చేయాలి. తర్వాతి ఎగ్జిట్‌లో దిగాలి. ఓఆర్ఆర్ మీద ఏ ఎగ్జిట్‌లో దిగినా టోల్ ప్లాజా ఉంటుంది, అక్కడ లైట్లు, కెమెరాలు, మనుషులుంటారు.

అలాగే చేశారు. బూత్ దాటగానే సిబ్బంది ఉన్న వెలుతురులో పక్కకి ఆపి, తలుపులు లాక్ చేసుకుని కూర్చున్నారు. ఎస్‌యూవీ కూడా దిగింది, కాస్త దూరంలో ఆగింది, తర్వాత వెళ్లిపోయింది. మర్నాడు రెండు కెమెరాల క్లిప్పులూ పోలీసులకిచ్చి ఫిర్యాదు రాసిచ్చారు. మెమరీ కార్డు అదే రాత్రి తీసి దాచమని నేను ముందే చెప్పాను. లేకపోతే కెమెరా దాని మీదే కొత్తది రాసేస్తుంది.

నాకు ఫోన్ చేసి ఆయన ముందు చెప్పింది ఎస్‌యూవీ గురించి కాదు. “గేరు దించలేదు సార్” అన్నారు. ఆవిడ పక్కనుంచి “నిజమేనండీ, నేను చూస్తూనే ఉన్నాను” అన్నారు.

ట్రాక్, ఇన్సూరెన్స్

“ట్రాక్‌కి తీసుకెళ్తే తీట తీరిపోతుంది కదా” అని నన్ను చాలామంది అడుగుతారు. నేను అందరికీ చెప్పను. బండి కంట్రోల్ నేర్పిన కొద్దీ ధీమా పెరిగి, రోడ్డు మీద ఇంకా తెగించేవాళ్లుంటారు. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారే రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేస్తే కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఈయన విషయంలో రోడ్డు అలవాట్లు కుదుటపడ్డాకే ఒప్పుకున్నాను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి, సొంత కార్లని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే ఒక ట్రాక్ డేకి వెళ్లారు. చుట్టు 3.7 కిలోమీటర్లు. కొద్ది చుట్లకే బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తబడింది. మస్టాంగ్ బరువైన బండి, దాని బ్రేకుల మీద భారం ఎక్కువ. ఆయన కంటే సగం పవర్ కూడా లేని పోలో ఒకటి మలుపుల్లో ఆయన్ని దాటేసింది. “దాని ఓనర్‌తో టీ తాగాను సార్, బ్రేకింగ్ పాయింట్లు చెప్పాడు” అన్నారు.

ట్రాక్‌కి వెళ్లేవాళ్లు పాలసీ కాగితం తీసి ‘వాడకంపై పరిమితులు’ అన్న భాగం చదవండి. మన దేశంలో మామూలు కారు ఇన్సూరెన్స్ వ్యవస్థీకృత రేసింగ్‌కి, వేగ పరీక్షలకి వర్తించదు. ట్రాక్ మీద బండి గోడకి తగిలితే బిల్లు మనదే. రోడ్డు మీద పందెం పెట్టుకుని గుద్దుకున్నా క్లెయిమ్ దగ్గర అదే భాగం అడ్డొస్తుంది, డ్యాష్‌క్యామ్ క్లిప్పే సాక్ష్యంగా.

ప్రస్తుతం

ఆరు నెలల తర్వాత మళ్లీ క్లిప్పులు తెప్పించుకుని విన్నాను. గెలికేవాళ్లు వస్తూనే ఉన్నారు, ఎర్ర మస్టాంగ్‌కి అది తప్పదు. ఎక్కువసార్లు పదీ పదిహేను సెకన్లలో విసుగెత్తి వెళ్లిపోతున్నారు. ఒక్కచోట మాత్రం, ఔటర్ దిగి గచ్చిబౌలి వైపు వచ్చే దారిలో, పాత అలవాటు లేచింది. 80 నుంచి 110. దాన్ని ఆయనే విడిగా పెట్టి నాకు చూపించారు. పిల్లాడు మళ్లీ కారెక్కుతున్నాడు, ముందు సీట్లో కూర్చుని స్పీడు అంకె పైకి చదువుతాడట. అంతకు మించిన శిక్షకుడు లేడు, ఫీజు కూడా అడగడు.

తెగని సమస్య ఒకటి మిగిలింది. ఊళ్లో బైకుల మీద కుర్రాళ్లు పక్కనే వస్తూ ఫోన్లో వీడియో తీస్తారు. వాళ్లకి రేస్ అక్కర్లేదు, ముచ్చట అంతే. కానీ ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ఫోన్. మనం స్లో చేస్తే వాళ్లూ స్లో చేస్తారు, ఇంకా బాగా వస్తుందని. ఇక్కడ ఓనరే ఒక దారి కనిపెట్టారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దం దించి, “తమ్ముడూ, ముందు బంక్‌లో ఆపుతాను, అక్కడ తీసుకో” అంటారు. సగం మంది నిజంగానే బంక్ దాకా వస్తారు. ఒకడు మాత్రం ఫొటో అయ్యాక స్టార్ట్ చేసి రైజ్ చేయమని అడిగాడట. చేయలేదు, బానెట్ ఎత్తి ఇంజిన్ చూపించి పంపించారు.